బొంత కడుపులో ముద్ద

పుణె, జూన్ 10

హౌసక్కా,

నిన్న నేను మాట్లాడుతుండగానే ఫోను పెట్టేశావు. టవరు పోయిందంటావు, తెలుసు. సరిగ్గా నేను వాదన మొదలుపెట్టినప్పుడే ఆట్పాడిలో టవరు ఎందుకు పోతుందో ఏ ఇంజినీరూ చెప్పలేడు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టేయలేవు. మడిచి దిండుకింద తోస్తావేమో, అయినా లోపల నేను మాట్లాడుతూనే ఉంటాను.

విషయం ఇదీ. మన మృణ్మయికి ఆరో నెల. డాక్టరమ్మ సెప్టెంబరు రెండోవారం అంటోంది. పుట్టే బిడ్డకి పెద్దమ్మ చేతి బొంతే కావాలిట, కొన్నది పనికిరాదుట, బారసాలనాడు బిడ్డని దానిమీదే పడుకోబెట్టాలిట. నేను దానికి విడమరిచి చెప్పాను: ఆడవాళ్ల చాకిరీకి ప్రేమ అని పేరుపెట్టి ఊరికే పిండుకోవడం వెయ్యేళ్ల మోసమే తల్లీ అని. "ఉపన్యాసం అయ్యాక పెద్దమ్మకి రాయమ్మా" అంది.

ముప్పై ఏళ్లుగా కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతున్నదాన్ని. పనిమనుషులకి సంఘం పెట్టినదాన్ని. ఆదివారం ఆదివారం పత్రికలో ఈ కొనుగోళ్ల పిచ్చిమీద నిప్పులు చెరిగేదాన్ని. అలాంటి నేను నిన్ను ఊరికే కుట్టిపెట్టమని అడుగుతున్నాను. సిగ్గుపడుతూనే అడుగుతున్నాను. ఏమేం కావాలో రాయి, పంపుతాను.

ఇంకో మాట. మొన్న నువ్వొచ్చినప్పుడు గుమ్మంలో ఉన్న తొమ్మిది అట్టపెట్టెలూ నావి కావు. కొన్ని పక్కింటివి.

నీతో వాదించడానికే పుట్టిన
ఇందు

ఆట్పాడి, జూన్ 17

ఇందూ,

అక్క దీవెనలు సగం. మిగతా సగం బొంతగుడ్డలు చూశాక.

టవరు పోలేదు, నేనే పెట్టేశాను. పెనంమీద రొట్టె మాడుతోంది. నువ్వు చెప్పే దోపిడీ రేపు కూడా ఉంటుంది, రొట్టె ఉండదు.

మృణ్మయి బిడ్డకి కుట్టక ఇంకెవరికి కుడతాను? పదకొండు పాత బట్టలు పంపు. పాతవంటే మీ ఇంట్లో, మీ ఒంటిమీద పాతబడ్డవి. ఉతికి ఉతికి, పట్టుకుంటే వేలికి తగిలీ తగలనట్టుండాలి. నీ చీరలు, మరిది పైజామాలు, పిల్ల చిన్నప్పటివి, ఏవైనా సరే. చంటిదానికి కళ్లు ఆనవు, వాసనే తెలుస్తుంది. ఏ ఇంటికి వచ్చిందో దానికి బొంతే చెప్పాలి. మన మేనత్త ఒకసారి కొత్త తానుతో బొంత కుట్టింది, గుర్తుందా? మామ ఏడాదిపాటు పక్కింటి అరుగుమీద పడుకున్నాడు. సొంతింట్లో పడుకుంటే ఎవరింట్లోనో ఉన్నట్టుందిట.

నీ ఉత్తరం అరుగుమీద పైకే చదివాను. పక్కింటి శేవంత విని, "ఇందుతాయి చెప్పింది ముమ్మాటికీ నిజం" అని ఆ పూటే మామగారికి టీ పెట్టడం మానేసింది. ఆయన గ్లాసు పట్టుకుని వచ్చి నన్ను తిడుతున్నాడు.

అక్క

పుణె, జూన్ 25

హౌసక్కా,

పదకొండూ పంపుతున్నాను. అన్నీ నా బీరువాలోవే. నీలంది ఎనిమిదేళ్లనాటిది, పసుపుపచ్చది ఆరేళ్లనాటిది. ఇంతకన్నా పాతవి కావాలంటే తవ్వకాలు జరపాలి.

బొంత అంటే గుర్తొచ్చింది. మా వీధిలో కొత్త దుకాణం పెట్టారు. అద్దాల వెనక ఓ బొంత వేలాడదీసి, 'అమ్మమ్మ చేతి వెచ్చదనం' అని బోర్డు. లోపలికెళ్లి, ఎవరా అమ్మమ్మ, ఏ ఊరు, పేరేమిటి అని అడిగాను. అమ్మాయి బిత్తరపోయి, "అమ్మమ్మ అంటే మా బ్రాండండీ" అంది. ఆ అమ్మమ్మకి కూలీ ఎంతిస్తున్నారన్నాను. వాచ్‌మన్‌ని పిలిచారు. నలభై నిమిషాలు వాదించాను. వేళ్లకి సూదిపోట్లు పడ్డ మనిషి పేరు లేదు, అద్దం పెట్టినవాడి పేరు మాత్రం గోడంత ఉంది! బయటికొచ్చేముందు ఓ దీపపు స్టాండు కొన్నాను. అది వేరే సంగతి.

శేవంతకి నా అభినందనలు చెప్పు. మామగారికి చేతులున్నాయి, స్టవ్వూ ఉంది.

ఇందు

ఆట్పాడి, జూలై 3

ఇందూ,

పార్సెలు విప్పగానే కుర్తా మెడపట్టీలోంచి గుండుసూది నా వేలిలో దిగింది. పాతబట్టలో గుండుసూది ఏమిటే? ధర చీటీలు కత్తిరించావు సరే, చీటీ వేలాడే ప్లాస్టిక్కు పోగు ఎవరు కత్తిరిస్తారు? గంజి అలాగే ఉంది. ఆ ఆకుపచ్చ కుర్తాని నేలమీద పెడితే తనంతట తాను నిలబడింది. మేక చూసి జడుసుకుని పాలివ్వలేదు.

ఏళ్లు గడిస్తే బట్ట పాతబడదు. ఒళ్లు తగిలితే పాతబడుతుంది. బీరువాలో ఎనిమిదేళ్లుంటే అది ఎనిమిదేళ్ల కొత్తబట్ట.

గంజి వదులుతుందేమోనని తడిపి దండెంమీద ఆరేశాను. వీధంతా వచ్చి, ఇందు బట్టలకొట్టు పెట్టిందా అని ఒకటే ఆరా. సర్పంచి కోడలు ఆకుపచ్చదాంట్లో పెద్ద సైజుందా అంది. ఉందని శేవంత చెప్పేసింది. ఇప్పుడు నువ్వు పంపక తప్పదు.

అన్నీ ఎర్రబస్సు కండక్టరు మారుతి చేత తిప్పి పంపుతున్నాను. ఆయన కూడా తనకో చొక్కా చూడమన్నాడు.

దీపపు స్టాండుకి దీపం ఉందా, ఒట్టి స్టాండేనా?

అక్క

పుణె, జూలై 14

హౌసక్కా,

పొరపాటు జరిగింది. తొందరలో వేరే సంచీ ఇచ్చాను. అసలువి ఇవి. అటకమీద మా అత్తగారి ట్రంకుపెట్టె దొరికింది. ఎనిమిది చీరలు! ఆ చిరుగులు చూడు, ఆ మాసికలు చూడు. ఒక తరం ఆడదాని బతుకంతా ఆ పోగుల్లో ఉంది. నీళ్లు మోసింది, పిండి విసిరింది, ఒక్కనాడు ఒక్క మెచ్చుకోలు ఎరగదు. దీనిమీద వ్యాసం కూడా మొదలుపెట్టాను.

సర్పంచి కోడలికి పెద్ద సైజు ఇందులోనే ఉంది. దుకాణం కాదని గట్టిగా చెప్పు.

దీపం లేదు. దీపం విడిగా అమ్ముతారు.

ఇందు

ఆట్పాడి, జూలై 21

ఇందూ,

మీ అత్తగారు ఎనిమిది చీరలూ ఒకేచోట, కుడిమోకాలికి జానెడు పైన, ఒకే కొలతలో ఎలా చింపుకుందే? ఒకే మేకుమీద ఎనిమిదిసార్లు కూర్చుందా? మాసికలు కూడా ఎనిమిదీ కవలపిల్లల్లా ఉన్నాయి. పైగా ఆవిడ పోయేదాకా తొమ్మిది గజాల చీర తప్ప కట్టి ఎరగదు. ఇవి పొట్టి చీరలు.

బకెట్లో తడిపితే నీళ్లు ఎర్రబడి టీ వాసన వేశాయి. శేవంత మామగారు గ్లాసు తెచ్చుకుని నిలబడ్డాడు పాపం.

పాతవి కూడా కొన్నావా ఇందూ?

వీధంతా నవ్వింది, నేను నవ్వలేదు. ఇద్దరు మనుషులు ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఇంట్లో అరిగిన గుడ్డ ఒక్కటి లేదా? నిజం రాయి. సెప్టెంబరు ఎంతో దూరం లేదు. కొత్తగుడ్డతో నేను కుట్టను, టీ నీళ్లలో ముంచినదానితో అసలే కుట్టను. మీ అమ్మ ఇంట్లో బొంతకి గుడ్డ దొరకలేదు తల్లీ అని మృణ్మయికి రాసేస్తాను.

అక్క

పుణె, ఆగస్టు 9

అక్కా,

మృణ్మయికి రాయకు.

లేదు. ఒక్కటీ లేదు. ఇల్లంతా వెతికాను. గచ్చు తుడిచే గుడ్డలు కూడా డజను కట్టగా కొన్నవే. మా ఆయనకి ఇరవైరెండేళ్ల బనీను ఒకటుంది. అడిగితే రెండు చేతులతో ఛాతీ కప్పుకుని, "నేను పోయాక తీసుకో" అన్నాడు. ఆ చీరలు యాప్‌లో 'పాతకాలపు సొగసు' అన్నచోట కొన్నాను. నా వ్యాసాలు చదివేవాళ్లకి ఈ సంగతి తెలిస్తే నన్ను చీర చెంగుతోనే ఉరి తీస్తారు.

అయితే ఊరుకున్నానా? పథకం వేశాను. పాతవి లేకపోతే పాతబరచాలి. కొత్త కుర్తాలన్నీ మూటకట్టి, ఇరవైఐదేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న పారూబాయికి, ఆమె స్నేహితురాళ్లకి పంచి, "రోజూ వేసుకోండి, రోజూ ఉతకండి, మెత్తబడ్డాక తెచ్చివ్వండి" అన్నాను. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో నినాదాలు. ఎవరో కాదు, నేను పెట్టిన సంఘమే. నేను రాసిచ్చిన నినాదాలే. పారూబాయి ముందుకొచ్చి కాగితం చదివింది:

"ఒంటితో చేసేదంతా పనేనని ఇందుతాయి మనకి చెప్పింది. బట్ట అరగదీసేది ఒంటితోనే. కాబట్టి అదీ పనే."

కోరికలు మూడు: మధ్యాహ్నం టీ, గంజి దురదకి కొబ్బరినూనె, ఆదివారం సొంత చీర కట్టుకునే హక్కు. ప్రతి వాక్యమూ నాదే. "కామా కూడా మీదే తాయీ" అంది పారూబాయి. సంతకం పెట్టాను.

నా వాటాగా నీలం కుర్తా నేనే అరగదీస్తున్నాను. పదిహేను రోజులుగా అదొక్కటే. సాయంత్రం ఉతుకుతాను, పొద్దున వేసుకుంటాను. మా ఆయన వ్యాపారం మునిగిపోయిందని కాలేజీలో గుసగుసలు. తోటి లెక్చరర్లు చందాలేసుకుని నాకో చీర కొనిచ్చారు. కొత్త చీర! వాళ్లని ఏమన్నానో రాయను.

ఇంకొకటి. ఇది అరుగుమీద చదవకు. మొన్న మోచేతి దగ్గర మేకు తగిలి కుర్తా చిరిగింది. ఇంకోటి కొనేద్దామని ఫోను తీశాను. నేను తీయడం కాదు, చెయ్యే తీస్తుంది, నన్ను అడగదు. కానీ కొత్తది వస్తే పదిహేను రోజుల అరుగుదల బూడిదలో పోస్తుంది కదా! సూది పట్టుకుని కూర్చున్నాను. మూడు వేళ్ల చిరుగు కుట్టడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ నేను ఎవరితోనూ వాదించలేదక్కా. నాతో నేను కూడా.

ఇందు

ఆట్పాడి, ఆగస్టు 16

ఇందూ,

దీవెనలు ముప్పావు.

చివరి ముక్క తప్ప మిగతాదంతా అరుగుమీద చదివాను. నవ్వలేక డొక్కలు పట్టుకున్నాం. సంఘం కాగితానికి నకలు కావాలంటోంది శేవంత. ఆమె మామగారు టీ పెట్టడం నేర్చుకున్నాడు. పంచదార ఎక్కువేస్తున్నాడు, తిడుతూనే అందరం తాగుతున్నాం.

ఇప్పుడు నేనడిగేదానికి జవాబు చెప్పు మొండిదానా. ఏటా దీపావళికి బీరువా ఖాళీచేసి బట్టలన్నీ ఎవరికిచ్చావు? గుడ్డ గాల్లో కలిసిపోదు. మీ ఇంటి పాతబట్టలు మీ ఇంట్లో లేవంటే ఎక్కడో ఒకచోట ఉన్నాయి. వెళ్లి అడుగు. అడగడమంటే అడగడమే, ఉపన్యాసం కాదు.

బొంత కూడా నువ్వే కుట్టాలి. నా కుడికంట్లో శుక్లం ముదిరింది. నీకు చెప్పలేదు, చెబితే ఆస్పత్రులమీద వ్యాసం రాస్తావు. నా చేతులకి చూపుంది గానీ అంత పొడుగు వరుసలు ఇప్పుడు కుదరవు. నాలుగో మూల మాత్రం తెరిచి ఉంచి నాకు పంపు, నేను మూస్తాను. బొంత కడుపు ఖాళీగా ఉండగా మూయకూడదు. అమ్మ రొట్టెముక్క పెట్టి మూసేది చూడు, అలాగ. ఆకలిగా ఉన్న బొంత, కప్పుకున్నవాళ్ల వెచ్చదనం తినేస్తుంది.

అక్క

పుణె, సెప్టెంబరు 16

హౌసక్కా,

మనవరాలు. పదకొండో తేదీ పొద్దున. తల్లీబిడ్డా మొన్న మా ఇంటికి వచ్చేశారు. నన్ను చూడగానే పిల్ల పిడికిలి బిగించి అరిచింది. మన రక్తమే, అనుమానం లేదు. బారసాల ఇరవైరెండున.

పారూబాయి ఇంటికి వెళ్లాను. ఇరవైఐదేళ్లలో మొదటిసారి, ఇది కూడా అరుగుమీద చదువు. ఒకటే గది, ఒకటే మంచం, మంచంమీద బొంత. చూస్తూ నిలబడిపోయాను. నా మొదటి జీతంతో కొన్న గంధంరంగు చీర అందులో ఉంది. మృణ్మయి బడి గౌను ఉంది. నాన్న పోయిన రోజు నేను కట్టుకున్న చీర, మళ్లీ కంటబడకూడదని తీసి ఇచ్చేసినది, అదీ ఉంది. చేత్తో తాకితే, నువ్వు రాసినట్టే, వేలికి తగిలీ తగలనట్టుంది.

ఇన్నేళ్లూ దాన్ని దానం అనుకున్నాను. ఏం దానం! కొనడం నా వంతు, అరగదీయడం ఆమె వంతు. ఈ మాట సభలో అంటే చప్పట్లు పడతాయి. ఆ గదిలో అనడానికి నోరు రాలేదు.

"పారూ, ఈ బొంత..." అన్నానో లేదో, "ఇవ్వను తాయీ" అంది. "నా పిల్లలిద్దరూ దీనిమీదే పెరిగారు. ఇది మీ పాతబట్ట కాదు, నా బొంత."

సరేనని తలూపాను. నిజంగానే. నాకేదో అయిందని కంగారుపడి ఆమె మంచినీళ్లిచ్చింది. ఆ తర్వాత మంచంకింద పెట్టె లాగి, నేనిచ్చిన ఏడు చీరలు తీసింది.

"ఇంకా కుట్టనివి. ఇస్తాను. కుట్టేది మాత్రం మీరే, నా ఎదురుగా కూర్చుని. నా చీరలు నాలుగున్నాయి, అవీ కలవాలి."

"అవెందుకు?" అన్నాను తెలివితక్కువగా.

"మృణ్మయిని ఎత్తుకు తిప్పిందెవరు? మీరు సభల్లో ఉన్నారు కదా."

ఇరవై రోజులు రోజూ వెళ్లాను. ఆలస్యమైతే, "ఏం తాయీ, ఇదేనా రావడం?" అని నా గొంతుతోనే అడిగేది. మరీ వంకరైన వరుసలు విప్పించేది. మూడోరోజు కోపంతో సూది విసిరేశాను. వెతికి తెమ్మంది, తెచ్చాను. పదోరోజుకి వేళ్లు వాటంతటవే నడవడం మొదలెట్టాయి. సాయంత్రమైతే లేవబుద్ధి కాలేదు. పండగ సేలు వచ్చిందిట, వెళ్లిందిట, మా పక్కింటావిడ చెబితే తెలిసింది. ఒకరోజు మా ఆయన వచ్చి, ఉతికి మడతపెట్టిన తన బనీను ఇచ్చి వెళ్లాడు. నడిమధ్యన వేశాం.

సంఘంవాళ్ల కుర్తాలా? 'అరగదీసినవారిదే బట్ట' అని తీర్మానం పెట్టారు. బలపరిచింది నేనే.

చివరి మూడు వరుసలు నిన్న మా ఇంట్లో కుట్టాను. ఫ్యాను గాలికి పొరలు లేచిపోతుంటే చెంబు, పోపులడబ్బా, చేతికి అందినదల్లా బరువు పెట్టి కుట్టాను. నాలుగో మూల తెరిచే ఉంది. మారుతి చేతికి ఇస్తున్నాను. అక్కా, ఇది తప్పిపోతే ఇంకోటి కొనడానికి ఉండదు. నా ఇంట్లో అలాంటి వస్తువు ఇదొక్కటే.

ఇందు

ఆట్పాడి, సెప్టెంబరు 18

ఇందూ,

దీవెనలు మొత్తం, నీకూ చంటిదానికీ. పారూబాయికి వేరే.

బొంత చేరింది. చేత్తో చూశాను. మొదటి రెండు వరుసలూ మేక నడక, మూడోదాన్నుంచి మనిషి నడక. మేక నడక విప్పకు, ఉండనీ.

నిన్న మధ్యాహ్నం అరుగుమీద అందరం కూర్చుని, నేను రొట్టెముక్క తుంపి, మూల ఎత్తి లోపల పెట్టబోతున్నాను. బొంత కడుపు గుర్రుమంది. "దానికి ఆకలేస్తోంది పెద్దాయీ" అంది శేవంత. మళ్లీ గుర్రుమంది. ఆనక పాట అందుకుంది. శేవంత మామగారు తాను పెట్టిన టీ తానే ఒలకబోసుకుని వీధిలో పడ్డాడు. జనం పోగయ్యారు. మీ అత్తగారు వచ్చిందని, ఎనిమిది చీరల సంగతి తేలిస్తేగాని పోదని ఒకరన్నారు. సర్పంచి కోడలు, అదే ఆకుపచ్చ కుర్తాలో, పరుగున వచ్చి బొంతకి పసుపూ కుంకుమా పెట్టింది. మరకపడింది, క్షమించు. నేను చెయ్యి పెట్టి తీశాను. నీ ఫోను. బరువుకి పెట్టి, తీయకుండానే పైపొర కుట్టేశావు!

ఎత్తి, ఎవరన్నాను. ఎవరో ఆడపిల్ల, తేనె గొంతు. "మేడమ్, మీరు మా యాప్‌లోకి వచ్చి చాలా రోజులైంది. అంతా క్షేమమేనా?" అంది. నాకు సిగ్గేసిందే. తోడబుట్టినదాన్ని, ఈ నెలంతా నేనే నిన్ను అలా అడగలేదు. "క్షేమమే తల్లీ, మనవరాలు పుట్టింది" అన్నాను. "అయితే బేబీ బ్లాంకెట్లమీద మీకు ప్రత్యేకంగా..." అంది. "బొంత ఉందమ్మా. ఇందాకటినుంచీ నువ్వు పాడింది దాని కడుపులోంచే" అన్నాను. పెట్టేసింది. టవరు పోయిందేమో.

రొట్టెముక్క పెట్టి మూల మూశాను. నాలుగు వేళ్ల కుట్టు, అంతే నాది. ఇరవైఒకటిన ఎర్రబస్సుకి బయల్దేరతాను. ఫోను లేక నువ్వెంత అల్లాడుతున్నావో! మారుతి చేత ముందే పంపనా?

అక్క

పుణె, సెప్టెంబరు 20

హౌసక్కా,

మారుతి తెచ్చిన నీ ఉత్తరం చదివేదాకా ఫోను ఇంట్లో లేదని నాకు తెలియదు. ఐదు రోజులు. నమ్మకపోతే పారూబాయిని అడుగు. తెలిసిన క్షణంనుంచి చెయ్యి జేబులోకి వెళ్లి ఖాళీగా వస్తోంది. చూసి చూసి ఆ చేతిలో ఆమె ఓ సూది పెట్టింది. చంటిదానికి తలకింది దిండు కుడుతున్నాను.

దీనంతటిమీద ఈ ఆదివారానికి వ్యాసం రాద్దామని కూర్చున్నాను. "నా మాటలు వాడుకుంటారా తాయీ? మాట్లాడటమూ పనే" అంది పారూబాయి. కలం మూసేశాను. పత్రికవాళ్లు ఆ చోట పెనాల ప్రకటన వేసుకుంటారట. వేసుకోనీ.

నువ్వు వచ్చాక ముందు నీ కంటి సంగతి చూద్దాం. వ్యాసం రాయను, ఒట్టు.

పిల్ల ఇప్పుడు కొత్త తువ్వాలుమీద పడుకుని ఉంది. మెత్తటిదే, ఖరీదైనదే. మన మేనత్త మొగుడిలా, ఎవరింట్లోనో పడేసినట్టు ఒకటే ఏడుపు. కాబట్టి బొంతని సామాన్ల తట్టమీద పెట్టకు, మారుతి చేతికీ ఇవ్వకు. కిటికీ పక్క సీటు పట్టుకుని, ఒళ్లో పెట్టుకుని రా.

ఫోను కూడా తీసుకురా, గుర్తుంటే.

ఇందు